అప్పలకొండ పులులు, పైడమ్మ ఎలుకలు

వేసవి ముదిరి గెడ్డ, అదే కొండవాగు, ఎండిపోయిందంటే ఆ కొండకింద జంతువులకి మిగిలేవి రెండే పనులు. పొద్దున్నే దాహానికి అల్లాడటం, పొద్దెక్కాక పెచ్చులాట ఆడుకోవడం. దాహాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. పెచ్చులాట మాత్రం కాస్త నేర్చుకోవాలి కాబట్టి ముందు అది చెప్పేస్తాను. తర్వాత కథ మధ్యలో ఆపి అడగొద్దు.

గెడ్డలో బురద ఎండి, బీటలు వారి, పెచ్చులుగా పైకి లేస్తుంది కదా. నీళ్ళున్న రోజుల్లో ఆ బురదని ఎవరు తొక్కితే వాళ్ళ అడుగు దాని మీద అచ్చుపడి అలాగే గట్టిపడిపోతుంది. అడుగున్న పెచ్చుల్ని ఏరి, ఒకే కొలతకి కొరికి, బోర్లా పెట్టి కలిపితే ఆట సిద్ధం. అడుగుల్లో పెద్దది పులిది. తర్వాత దుప్పిది, నక్కది, కుందేలుది, అన్నిటికన్నా చిన్నది ఎలుకది. ఒక్కొక్కరికీ రెండేసి పెచ్చులు ఇస్తారు, అవి ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. మధ్యలో మూడు పెచ్చులు బోర్లా ఉంటాయి, వాటిని ఒక్కొక్కటే అందరి ముందూ తిప్పుతారు. తిప్పే ముందల్లా ఎండిన ఇప్పపూలు పందెం వేయాలి. ఇష్టం లేనివాడు తన పెచ్చులు మూసేసి, అప్పటిదాకా వేసింది వదులుకుని తప్పుకోవచ్చు. చివరికి ఒకే అడుగు జంటగా ఉన్నవాడు విడి పెచ్చులవాడిని కొడతాడు, ఒకే అడుగు మూడు పడ్డవాడు జంటని కొడతాడు. సమానమైతే పెద్ద అడుగుది గెలుపు.

ఇక ఏటా ఒకనాడు దీన్ని పంతానికి ఆడేది ఎందుకంటే, తొలివంతు కోసం. గెడ్డ నడుమ ఇసుకలో ఒకే ఒక్క ఊట మిగులుతుంది. ఆటలో మిగతావాళ్ళందరినీ ఖాళీ చేసినవాడు ఆ వేసవంతా తెల్లారగానే ముందుగా నీళ్ళు తాగుతాడు. ఆ తొలివంతు అప్పలకొండ అనే అడవిపంది ఇంట్లో తాతల నాటినుంచీ పాతుకుపోయింది. తాగి ఊరుకుంటే ఎవరికీ నొప్పి లేదు. అప్పలకొండ తాగి, అందులోనే దిగి, నాలుగు పొర్లు పొర్లి, వీపు గోక్కుని, పిల్లల్ని కూడా పొర్లించి మరీ బయటికొచ్చేవాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి మిగిలేది తాగే నీరో అలికే మట్టో చెప్పడం కష్టం.

కిందటి వేసవిలో ఆ బురదనీళ్ళు తాగి కడుపు చెడి ముళ్ళపంది పైడమ్మ పెద్దపిల్ల చచ్చిపోయింది. ఆమె ఏడ్చింది, అందరూ వచ్చి పరామర్శించారు, అప్పలకొండ కూడా వచ్చి, "ఏటి చేస్తాం పైడమ్మా, మన చేతిలో ఏటుంది," అని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఊటలో దిగాడు. పైడమ్మ ఆ రోజే మనసులో ఒకటి నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పలేదు. బొరియలో ఇంకా ఇద్దరు పసివాళ్ళున్నారు.

అయితే అప్పలకొండ మీద పెచ్చులాట గెలవడం అంత తేలిక కాదు. తొలివంతువాడికి ఒక హక్కుంది, దాన్ని పెద్దరికం అంటారు. పెచ్చులు కలపకముందే, అందరి ఎదుటా, అతను తనకి నచ్చిన రెండు తీసుకోవచ్చు. గెడ్డలోకి పులి వచ్చింది ఎప్పుడో చలికాలంలో ఒక్కసారి, దాని అడుగున్న పెచ్చులు ఉన్నవే మూడు, ఏటేటా వాటినే దాచి వాడతారు. అప్పలకొండ ప్రతి ఆటకీ రెండు పులుల్ని తీసి కాలికింద పెట్టుకునేవాడు. మూడోది మిగతావాటిలో కలిసిపోయేది. అంటే పంపకం మొదలవక ముందే అందరికన్నా గట్టి జంట అతని దగ్గర ఉండేది.

అది చాలదన్నట్టు పెచ్చులు పంచేది సింహాచలం. పేరుకి సింహాచలం, పుట్టుకకి నక్క. వాడు పంచుతూ పంచుతూ అందరి ఒళ్ళూ కనిపెట్టేవాడు. ఎవరికి మంచి పెచ్చు పడితే ఏ చెవి ఆడుతుందో, ఏ మీసం వణుకుతుందో వాడికి కంఠతా వచ్చు. అప్పలకొండకి ప్రమాదం ఉందనిపిస్తే చిన్నగా దగ్గేవాడు. అప్పలకొండ వెంటనే పెచ్చులు మూసేసేవాడు.

కిందటేడు పైడమ్మకి అదే జరిగింది. ఆమెకి మూడు దుప్పులు పడ్డాయి. అప్పలకొండ జంట పులుల్ని కొట్టే చెయ్యి. కానీ సంతోషం ముళ్ళకి తెలిసిపోయింది. వీపంతా లేచి గలగలలాడింది. సింహాచలం దగ్గాడు, అప్పలకొండ మూసేశాడు, అన్నేళ్ళకి పడ్డ గొప్ప చేతికి పైడమ్మకి దక్కింది నాలుగు పూలు.

ఈ ఏడు ఆటనాడు వెదురుపొద నీడలో అందరూ చేరేసరికి పైడమ్మ వచ్చిన వాలకం చూసి కొండముచ్చులు కిచకిచలాడాయి. ముక్కునుంచి తోకదాకా ఒళ్ళంతా బురద. అది ఎండిపోయి ముళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"ఏటే పైడమ్మా, నా ఊటలో పొర్లి వచ్చినావా?" అన్నాడు అప్పలకొండ.

"ఎండ మండిపోతంది బాబూ. చల్లగా ఉంటాదని మీరేగా రోజూ పొర్లుతారు," అంది పైడమ్మ.

"చూసినావా సింహాచలం? పెద్దోళ్ళని చూసి నేర్చుకోడం అంటే ఇది." అప్పలకొండకి ఎంత ముచ్చటేసిందో, కోరలు బయటికి పెట్టి నవ్వాడు.

పైడమ్మ పక్కనే కుందేలు గౌరీసు కూర్చున్నాడు. ఆట మొదలవకముందే గెలిచేసినట్టు కాళ్ళు ఆడిస్తున్నాడు. ముగ్గురి ముందూ తలా ఒక దొప్పెడు ఇప్పపూలు. అప్పలకొండ అందరి ఎదుటా రెండు పులుల్ని తీసుకుని కాలికింద పెట్టాడు. సింహాచలం మిగతావి కలిపి పంచాడు.

"దొరా," అన్నాడు సింహాచలం అప్పలకొండ చెవిలో, "ముందే ఎక్కువ పందెం వేసీకండి. బెదిరి పారిపోతారు. చవగ్గా రానియ్యండి. లోపలికి వచ్చినాక మెల్లగా లాగుదుం."

"నువ్వు చెప్పాలేటి? నాకు తెలీదా," అన్నాడు అప్పలకొండ. అతనికి తెలీదు. అయినా ఆ మాట నచ్చింది, ఒక్క పువ్వు మాత్రం వేసి ఊరుకున్నాడు.

పైడమ్మ తన రెండు పెచ్చులు చూసుకుంది. ఒక నక్క, ఒక కుందేలు. "మూసీసినాను," అంది.

తర్వాతి పంపకంలో దుప్పి, ఎలుక. మూసేసింది. ఆ తర్వాత రెండు వేరు వేరు అడుగులు. మూసేసింది. ప్రతిసారీ ముందు వేసిన ఒక్క పువ్వు పోతోంది. ఆమె పెచ్చులు చూసుకోవడానికి ఎంతసేపు తీసుకుంటుందో, మూసేయడానికీ అంతేసేపు తీసుకునేది. తొందర లేదు, నిట్టూర్పు లేదు.

ఒకసారి ఆమెకి జంట దుప్పులు పడ్డాయి. మధ్యలో తిప్పిన మొదటి పెచ్చు కుందేలు, రెండోది నక్క. ఇంకొక పెచ్చు మిగిలి ఉండగా పైడమ్మ మూసేసింది. గౌరీసు వంగి ఆ పెచ్చులు చూసి ఉలిక్కిపడ్డాడు.

"అక్కా, జంట దుప్పులు. ఎవరైనా మూసీస్తారేటి?"

"ఎదురుగా జంట పులులున్నాయి గదా తమ్ముడూ."

"ఉంటే?"

"ఉంటే నా దుప్పులు ఓడిపోతాయి. మూడో దుప్పి వస్తే తప్ప. అది రావాల్సినప్పుడు రాలేదు. ఇంకా పూలెందుకు పొయ్యడం?"

"ఇలా భయపడితే ఆటెందుకు ఆడ్డం," అన్నాడు గౌరీసు. "చూడు, నేనెలా ఆడతానో."

చూపించాడు పాపం. తర్వాతి చేతిలో గౌరీసుకి పడ్డవి కుందేలొకటి, ఎలుకొకటి. తన దగ్గర ఏదో మహా గొప్పది ఉన్నట్టు ఛాతీ విరిచి, దొప్పలో సగం పూలు ముందుకు తోశాడు. అప్పలకొండ బెదిరి మూసేస్తాడని వాడి లెక్క. అప్పలకొండ పులుల వంక చూసుకుని తనూ అంతే తోశాడు. గౌరీసు మిగతా సగం కూడా తోశాడు. వాడి మీసాలు భయానికి వణుకుతున్నాయి. సింహాచలం దగ్గలేదు సరికదా, ఆవలించాడు. మధ్యలో మూడు పెచ్చులూ తిరిగాయి, గౌరీసుకి ఒక కుందేలు కలిసి జంట అయింది. జంట కుందేళ్ళు జంట పులుల ముందు ఏపాటి? దొప్ప ఖాళీ.

"నిజంగానే నా దగ్గర పెద్దది ఉందనుకుంటాడనుకున్నాను," అన్నాడు గౌరీసు, పైడమ్మ వెనక్కి వచ్చి కూలబడి.

"ఆయన కాలికింద పులులున్నంతసేపూ నీ దగ్గర ఏటున్నాదో ఆయన ఆలోచించడు," అంది పైడమ్మ. "ఆలోచించనోడిని ఎలా బెదిరిస్తావు? ఆయన్ని బెదిరించకూడదు. చూసుకుని, కుదిరినప్పుడు చూపించాలంతే."

"నీకెప్పుడు కుదురుతుంది మరి? నీ దొప్ప కూడా తరిగిపోతంది."

అది నిజమే. పైడమ్మ దొప్పలో పూలు అడుక్కి వచ్చేస్తున్నాయి. కొండముచ్చులు ఆమెకి 'మూత పైడమ్మ' అని పేరు పెట్టేశాయి. ఆమె పెచ్చులు అందుకోగానే "మూసీ, మూసీ" అని అరిచేవి, ఆమె మూసేయగానే కొమ్మలు ఊపేవి. అప్పలకొండకి అది భలే వినోదంగా ఉంది. పైడమ్మకి వినోదంగా లేదు. లోపల ఉడికిపోతోంది. ఒక్కసారి, ఏ పెచ్చులైనా సరే, అతని మొహాన పందెం కొట్టాలనిపించింది. అలా అనిపించిన ప్రతిసారీ బొరియలో ఉన్న ఇద్దరినీ తలుచుకుని మూసేసింది. ఈ పంతం నెగ్గేది అరుపులకి బదులు చెప్తే కాదని ఆమెకి బాగా తెలుసు.

ఆమె ఎదురుచూసేది ఎలుకల కోసం. దీని వెనక ఆమెదో ఆలోచన. పులి పెచ్చులు మూడే, దుప్పులవీ కొద్దిగానే ఉంటాయి. ఎలుకలు మాత్రం గెడ్డ గట్టు మీదే కాపురం, రోజూ అటూ ఇటూ తిరుగుతాయి, వాటి పెచ్చులకి లోటు లేదు. అందరూ దుప్పి పడితే మురిసి ఎలుక పడితే మొహం మాడ్చుకుంటారు. కానీ జంట ఎలుకలు పడ్డవాడికి మూడో ఎలుక దొరికినంత సులువుగా జంట దుప్పులవాడికి మూడో దుప్పి దొరకదు. పులుల ముందు జంట దుప్పులైనా ఒకటే, జంట ఎలుకలైనా ఒకటే, రెండూ ఓడేవే. మూడోది వచ్చే దారి దేనికుందో అదే మంచి చెయ్యి.

ఇంకొకటి కూడా ఆమె గమనించింది. అప్పలకొండ దగ్గర ఏముందో అడివంతటికీ తెలుసు. తన దగ్గర ఏముందో తనకి తప్ప ఎవరికీ తెలీదు, ముళ్ళు నోరు మూసుకుంటే.

నీడ పొద మొదట్లోకి జరిగే వేళకి సింహాచలం మళ్ళీ పంచాడు. పైడమ్మ ఒక పెచ్చు ఎత్తి చూసింది. ఎలుక. రెండోది చూసింది. ఎలుక. ఎప్పటిలాగే అంతేసేపు చూసి, ఎప్పటిలాగే కింద పెట్టింది.

"మూసీ, మూసీ," అన్నాయి కొండముచ్చులు.

"ఒక పెచ్చు చూస్తాను," అంది పైడమ్మ, ఒక పువ్వు వేసి.

అప్పలకొండ సింహాచలం చెప్పినట్టే ఎక్కువ వెయ్యలేదు. చవగ్గా రానిచ్చాడు. మొదటి పెచ్చు తిరిగింది, కుందేలు. పైడమ్మకి కలిసి రాలేదు. మూసేయాలా అని ఆలోచించింది. అప్పలకొండ మళ్ళీ ఒక్క పువ్వే వేశాడు. ఒక్క పువ్వుకి ఇంకో పెచ్చు చూడొచ్చు, ఎలుకలకి ఆ ధర ఎక్కువేం కాదు. వేసింది.

రెండో పెచ్చు తిరిగింది. ఎలుక.

పైడమ్మ వీపులో ప్రతి ముల్లూ లేవబోయింది. మొదళ్ళ దగ్గర చర్మం బిగుసుకుని నొప్పి పుట్టింది. కానీ ఎండిన బురద గట్టిగా పట్టుకుంది, ఒక్కటీ కదల్లేదు, ఒక్కటీ మోగలేదు. సింహాచలం ఆమె వైపు చెవులు రిక్కించి చాలాసేపు విన్నాడు. వాడికి వినిపించింది కొండముచ్చుల గోల ఒక్కటే.

"ఏటీ లేదు దొరా," అన్నాడు అప్పలకొండ చెవిలో. "ఖాళీ."

అప్పలకొండ ఈసారి గుప్పెడు పూలు తోశాడు. పైడమ్మ దొప్పలోకి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది, నిజంగానే అవి చివరి పూలు. ఒక్కొక్కటే తీసి ముందు పెట్టింది. దొప్ప బోర్లించి చూపించింది.

"ఇంకేటీ లేదు బాబూ. మూడో పెచ్చు తిప్పమనండి, తేలిపోతాది."

అక్కడ తిప్పేసి ఉంటే పైడమ్మకి పోయిన పూలలో కొన్ని తిరిగొచ్చేవి, ఆట ఇంకా సాగేది. కానీ పొద్దుట్నుంచీ మూసేస్తూ వచ్చిన పైడమ్మ ఇప్పుడు తప్పించుకోలేక ఇరుక్కుందని అప్పలకొండ అనుకున్నాడు. ఈ కాసిని పూలతో అతనికి తనివి తీరలేదు.

"పూలు అయిపోతే ఏటి, బొరియ ఉంది గదా," అన్నాడు. ఊట పైన గట్టులో, చల్లని నీడలో, చుట్టూ దుంపలున్న బొరియ అది. పైడమ్మ అమ్మ తవ్వింది. అప్పలకొండ దాని మీద ఎన్నాళ్ళుగానో కన్నేశాడు.

గౌరీసు ఆమె కాలు లాగాడు. "వద్దక్కా. పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు?"

పైడమ్మ లెక్క వేసుకుంది. మూడు ఎలుకలు జంట పులుల్ని కొడతాయి. కానీ మూడో పులి ఎక్కడో ఉంది. తిప్పాల్సిన పెచ్చు అదే అయితే మూడు పులులు మూడు ఎలుకల్ని మింగేస్తాయి, బొరియ పోతుంది, వానలు పడేదాకా పసివాళ్ళతో ఎండలో తిరగాలి. అంత భయం ఆమెకి ఎప్పుడూ వెయ్యలేదు. కానీ ఆ భయం ఒక్క పెచ్చుది. మిగతా పెచ్చుల్లో ఏది వచ్చినా గెలుపు తనదే. ఇంతకన్నా మంచి చోటు తనకి ఈ జన్మలో దొరకదు. దొరికే దాకా కూర్చుంటే ఇంకో పిల్ల కూడా పోతుంది.

"బొరియ పెడతాను," అంది. "దానికి ఎదురుగా మీరేటి పెడతారు? పూలు సరిపోవు."

"ఏటి కావాలో చెప్పు."

"తొలివంతు."

కొండముచ్చులు కొమ్మలు దిగి దగ్గరికి వచ్చాయి. సింహాచలం అప్పలకొండ వైపు వంగాడు. "దొరా, ఒక్క మాట. ఇది పొద్దుట్నుంచీ మూసీసిన మనిషి. ఇప్పుడు మూయట్లేదు. ఎందుకైనా మంచిది, వదిలీండి. పోయేది గుప్పెడు పూలే గదా."

"ముళ్ళు మోగినాయేటిరా?"

"మోగలేదు. అదే నాకు అర్థం అవట్లేదు."

"మోగలేదంటే లేనట్టే. కాలికింద రెండు పులులెట్టుకుని ముళ్ళపందికి దడిసి మూసీమంటావా?" అప్పలకొండకి కోపం వచ్చింది. ఆ పులుల్ని వదలడమంటే తాతని వదలడంలా ఉంది అతనికి. "పెట్టినాను తొలివంతు. అందరూ విన్నారు గదా. తిప్పు."

సింహాచలం మూడో పెచ్చు మీద కాలు పెట్టాడు. పైడమ్మ కళ్ళు మూసుకోలేదు. పెచ్చు తిరిగింది. దాని మీద ఉన్నది నక్క అడుగు. సింహాచలం తన అడుగు తనే చూసుకుని కాలు వెనక్కి తీసుకున్నాడు.

"జంట పులులు," అన్నాడు అప్పలకొండ, అందరికీ తెలిసిన పెచ్చుల్నే తిప్పి చూపిస్తూ. "పద, బొరియ ఖాళీ చెయ్యి."

పైడమ్మ తన రెండూ తిప్పింది. మధ్యలో ఉన్న ఎలుక పక్కన పెట్టింది.

అప్పలకొండ ముట్టెతో ఆ మూడింటినీ ఒక్కొక్కటే కదిపి చూశాడు. "ఎలుకలా?" అన్నాడు. "నా పులుల మీద ఎలుకలా?"

"మూడు ఎలుకలు, బాబూ."

"ఇది చెల్లదు. ఒళ్ళంతా బురద పూసుకొచ్చి మోసం చేసినావు."

"బురద పూసుకోకూడదని ఆటలో ఎక్కడా లేదు. ఉంటే ఇన్నేళ్ళ నుంచీ మీరాడిందేదీ చెల్లదు," అంది పైడమ్మ. గౌరీసు నవ్వాడు. కొండముచ్చులు నవ్వాయి. పేరంటానికి వచ్చినట్టు వెనక నిలబడ్డ దుప్పులు కూడా నవ్వాయి. పదిమంది ముందు తన నోటితోనే పెట్టిన పందెం కాబట్టి అప్పలకొండకి మింగక తప్పలేదు.

మర్నాడు తెల్లారగానే పైడమ్మ ఇద్దరు పిల్లల్నీ ఊటకి తెచ్చింది. ఇసుక అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. పిల్లలు కడుపునిండా తాగారు. తర్వాత గౌరీసు, దుప్పులు, కొండముచ్చులు, ఒకరి వెనక ఒకరు తాగారు. చచ్చిపోయిన పిల్ల గుర్తొచ్చి పైడమ్మ కాసేపు గట్టున కూర్చుని ఏడ్చింది. అందరి వెనకా నిలబడ్డ అప్పలకొండతో, "మీరు సాయంత్రం రండి. తాగండి, పొర్లండి, ఎవరూ ఏటీ అనరు. తెల్లారేసరికి నీరు మళ్ళీ తేరుకుంటాది," అంది.

అంతలో సింహాచలం ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చాడు. నోట్లో రెండు పులి పెచ్చులు. వాటిని పైడమ్మ ముందు పెట్టి, తోక ఊపుతూ, "పెద్దరికం హక్కు ఇప్పుడు మీదే గదమ్మా. వచ్చే ఏటి ఆటకి ఇవి మీ కాలికిందే ఉండాలి. నేను ఎప్పట్లాగే పంచుతాను. ఎవరి ఒంట్లో ఏ వెంట్రుక కదిలినా మీకు చెప్తాను," అన్నాడు.

పైడమ్మ ఆ పెచ్చుల్ని చూసింది, అప్పలకొండని చూసింది. అతను ఇప్పటికీ వాటి మీదనుంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

"నాకొద్దు," అంది. "అప్పలకొండ బాబుకే ఇచ్చీ. పులులు ఆయన ఉంచుకుంటాడు, నీళ్ళు మేం తాగుతాం." కాలికింద ఏముందో అడివంతటికీ తెలిసినవాడితో ఎలా ఆడాలో ఆమెకి ఇప్పుడు తెలుసు.

అప్పలకొండ ముందుకొచ్చి తన పులుల్ని తీసుకున్నాడు. అతని మొహం వెలిగిపోయింది.

నీతి: చేతికి గట్టి ముక్కలు పడ్డవాడికి ఎప్పుడు వదలాలో తెలీదు, పడనివాడు ముందుగా నేర్చుకునేది అదే.